దిద్దే ముందు దాచుకుందాం

బాతెల్ నుంచి తూర్పుగా బయలుదేరి స్నోక్వాల్మీ కనుమ దాటి యాకిమా లోయలోకి దిగితే, దాదాపు మూడు గంటల ప్రయాణంలో సన్నీసైడ్ అనే చిన్న ఊరు వస్తుంది. చుట్టూ యాపిల్ తోటలు, ద్రాక్ష తోటలు, హాప్స్ తీగలు పాకించిన ఎత్తైన పందిళ్లు. ఆ ఊళ్లో తోటపని చేసుకుని బతికిన సాంతియాగో అల్మెయ్దాకు 1993లో అమెరికా ప్రభుత్వ కళల సంస్థ జాతీయ వారసత్వ పురస్కారం ఇచ్చింది. జానపద, సంప్రదాయ కళాకారులకు ఈ దేశం ఇచ్చే అతి పెద్ద గౌరవం అదే.

అల్మెయ్దా వాయించేది బాహో సెస్తో. రెండేసి తీగల చొప్పున ఆరు జతలుగా పన్నెండు తీగలుండే, గంభీరమైన నాదం గల గిటారు అది. 1936లో టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియోలో, అకార్డియన్ వాద్యకారుడు నార్సిసో మార్తీనెస్‌కు తోడుగా ఆయన వాయించిన రికార్డులు ఒక కొత్త సంగీత సంప్రదాయానికి పునాది వేశాయి. దాని పేరు కొన్హుంతో. అది తెహానోల సంగీతం.

తెహానోలతో మనకేం పని అని అడగవచ్చు. మనం చెరకు తోటలకూ రబ్బరు తోటలకూ ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీల మునిమనవలం. మనలో కొన్ని కుటుంబాలు మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికాల నుంచి మరోసారి కదిలి అమెరికా చేరాయి. బాతెల్, రెడ్మండ్, బెల్‌వ్యూ ప్రాంతంలో తెలుగు మాట వినబడటం ఇప్పుడు విశేషం కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఆంధ్ర, తెలంగాణల నుంచి నేరుగా వచ్చినవాళ్లు ఇక్కడ బాగా ఉన్నారు. బాతెల్‌లో హిందూ దేవాలయం, సాంస్కృతిక కేంద్రం ఉన్నాయి. పిల్లలు వారాంతంలో తెలుగు బడికి వెళ్తారు. వాళ్ల మధ్య మనవాళ్లు భజనలో గొంతు కలిపినప్పుడు ఎదురయ్యే ప్రశ్న మనందరికీ తెలుసు: "మీ తెలుగు కాస్త వేరుగా ఉందే?"

అడిగినవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు. కొందరు ప్రేమగానే మన పాటలోని మాట సరిచేసి చెబుతారు. మన పిల్లలు కూడా ఆ సరైన మాటే ఇంటికి తెచ్చి నాయనమ్మను దిద్దుతారు. ఆ దిద్దుబాటులో ఏం పోతుందో, దాన్ని పోనివ్వకుండా ఎలా చూసుకోవాలో తెహానోల అనుభవం చెబుతుంది.

దేశం మారలేదు, సరిహద్దు మారింది

తెహానో అంటే స్పానిష్ భాషలో టెక్సాస్‌వాడు అనే అర్థం. టెక్సాస్ ఒకప్పుడు స్పెయిన్ రాజ్యంలో భాగం, తర్వాత మెక్సికోలో భాగం. 1836లో విడిపోయి స్వతంత్ర గణరాజ్యమైంది, 1845లో అమెరికాలో కలిసింది. 1848లో యుద్ధం ముగిసి సంధి కుదిరేసరికి రియో గ్రాండే నది సరిహద్దుగా ఖాయమైంది. నదికి ఉత్తరాన తరతరాలుగా ఉన్న కుటుంబాలు ఊరు వదలకుండానే మరో దేశంలోకి వచ్చాయి. ఆ తర్వాత నది దాటి వచ్చి పత్తి చేలల్లో, కూరగాయల తోటల్లో పనికి కుదిరినవాళ్లు వాళ్లలో కలిశారు.

మన పూర్వీకులు సముద్రం దాటారు, తెహానోలలో చాలామంది కదలనే లేదు. ఆ తేడా చిన్నది కాదు. వాళ్లకు గిర్మిట్ కాగితం, అయిదేళ్ల ఒప్పందం లేవు. అయినా తర్వాత ఎదురైనవి మనకు కొత్తవి కావు. పొలం మరొకరిది, బడి భాష మరొకరిది. టెక్సాస్‌లో 1918లో చేసిన చట్టం ప్రభుత్వ బడుల్లో పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలంది. బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడితే పిల్లలకు దెబ్బలు పడిన రోజులు ఎంతోమందికి గుర్తున్నాయి. రెండు భాషల చదువుకు సాయం చేసే కేంద్ర చట్టం 1968లో గానీ రాలేదు.

అటు మెక్సికో వాళ్లకూ తెహానో స్పానిష్ మోటుగా వినిపించేది. ట్రక్కును 'త్రోకా' అంటారని నవ్వేవారు. 'ఆసీనా', 'త్రూహే' వంటి మాటలు తప్పులనేవారు. నిజానికి ఆ రెండూ పాత స్పానిష్ రూపాలు. నగరాల్లో, పుస్తకాల్లో వాడుక మారిపోయినా పల్లె జనం నోట మిగిలాయి. ఇటు ఇంగ్లీషు బడి, అటు మెక్సికో నగరం. రెండు చోట్లా తెహానో నోటికి దిద్దుబాటే దొరికింది.

ఇరుగుపొరుగు వాయిద్యం

దక్షిణ టెక్సాస్‌కు అకార్డియన్ తెచ్చింది మెక్సికన్లు కాదు. 19వ శతాబ్దంలో మధ్య టెక్సాస్‌లో స్థిరపడిన జర్మన్లు, చెక్‌లు, పోలండ్ వాళ్లు తెచ్చారు. వాళ్ల పోల్కా, వాల్ట్జ్ నాట్యాలూ దానితోనే వచ్చాయి. పల్లె పెళ్లిళ్లలో, కోతల తర్వాత జరిగే సంబరాల్లో ఒక్క పెట్టె ఉంటే చాలు, పాటకూ ఆటకూ సరిపోయేది. తెహానో కూలీలు ఆ పెట్టె అందుకుని తమ బాహో సెస్తోతో జతకట్టారు.

నార్సిసో మార్తీనెస్ 1911లో మెక్సికోలోని రేనోసాలో పుట్టి, టెక్సాస్‌లో వలస కూలీల ఇంట పెరిగాడు. అకార్డియన్‌లో ఎడమచేతి బొత్తాలు మంద్ర స్వరాలకు, కుడిచేతివి రాగానికి. మార్తీనెస్ ఎడమచేతి పనిని దాదాపు వదిలేసి, దాన్ని అల్మెయ్దా గిటారుకు అప్పగించాడు. కుడిచేత్తో రాగాన్ని వేగంగా, ఒక్కో స్వరం విడివిడిగా తెలిసేలా పలికించాడు. ఈ పని పంపకమే కొన్హుంతోకు ముద్ర అయింది. తర్వాత వలేరియో లొంగోరియా వంటివారు పాటనూ డ్రమ్ములనూ చేర్చారు. 1950ల నాటికి అకార్డియన్, బాహో సెస్తో, బాస్, డ్రమ్ములు అనే నలుగురి మేళం స్థిరపడింది.

ఇందులో ఏది అచ్చమైన మెక్సికన్, ఏది జర్మన్ అని విడదీయడం కష్టం. రికార్డు కంపెనీ కూడా విడదీయలేదు. మార్తీనెస్ వాయించిన పోల్కాలనే పేరు మార్చి లూసియానాలో 'లూసియానా పీట్' అనీ, పోలండ్ వాళ్లకు 'పోల్స్కీ క్వార్టెట్' అనీ అమ్మింది. కొన్నవాళ్లు అవి తమ సంగీతమేననుకున్నారు. మరో ప్రసిద్ధ గాయని లిడియా మెండోజా కుటుంబం 1920ల చివర్లో మిషిగన్ చక్కెర దుంపల చేలకు పనికి వెళ్లిన కుటుంబం. 1934లో ఆమెకు పేరు తెచ్చిన 'మాల్ ఓంబ్రే' పాట మాటలు ఆమె చిన్నప్పుడు చూయింగ్ గమ్ కాగితం మీద చదివి నేర్చుకున్నవి. వారసత్వం అనేది ఎప్పుడూ గుడి గర్భంలోంచే రానక్కర్లేదు.

సొంతవాళ్ల చిన్నచూపు

కొన్హుంతోను చులకన చేసినవాళ్లలో తెల్లవాళ్లే కాదు, తెహానోలూ ఉన్నారు. చదువుకుని పట్నంలో కుదురుకున్న కుటుంబాలకు అకార్డియన్ అంటే సారా కొట్టు, మట్టికాళ్లు. వాళ్లు సాక్సోఫోన్లూ ట్రంపెట్లూ ఉన్న పెద్ద మేళాలను, ఒర్కెస్తాలను, ఇష్టపడ్డారు. మాన్యుయెల్ పెన్యా 1985లో ప్రచురించిన పుస్తకంలో కొన్హుంతోను కార్మిక వర్గ సంగీతంగా చూపించి, ఈ చీలికను వివరంగా రాశాడు.

ఇదీ మనకు తెలిసిన సంగతే. మన ఇళ్లలోనూ చదువు పెరిగేకొద్దీ తాత పాడిన పాట వెనక గదిలోకి వెళ్లింది. పండగ వేదిక మీద సినిమా పాట ముందుకొచ్చింది. ఆ తర్వాత క్యాసెట్ల మీద, ఇప్పుడు ఫోన్లలో, ఇండియా నుంచి వచ్చిన కీర్తన వచ్చింది. కీర్తన రావడం మంచిదే. కానీ తాత పాటను అది ఉండాల్సిన చోటు నుంచి కదిపితేనే చిక్కు.

తెహానోల దగ్గర ఆ చిన్నచూపు ఎలా తగ్గింది? ఎవరో ఒక్కరు గొప్ప ఉపన్యాసం ఇస్తే తగ్గలేదు. నాలుగు పనులు జరిగాయి.

మొదటిది రికార్డు. 1930ల కంపెనీలు అమ్మకాల కోసం వచ్చాయి, భాష దిద్దడానికి కాదు. అందుకే ఆనాటి ఉచ్చారణ, ఆనాటి వాయింపు మిగిలాయి. జర్మనీ నుంచి కుర్రవాడిగా అమెరికా వచ్చిన క్రిస్ స్ట్రాక్విట్జ్ 1960లో అర్హూలీ అనే చిన్న కంపెనీ పెట్టి, పాత రికార్డులను పోగు చేశాడు. ఆ సేకరణలో లక్షకు పైగా రికార్డింగులను డిజిటల్ రూపంలోకి మార్చి లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అందుబాటులో ఉంచింది. ఆ పనికి 5 లక్షల డాలర్లు ఇచ్చింది లోస్ టిగ్రెస్ దెల్ నోర్తే అనే సంగీత బృందం స్థాపించిన సంస్థ. వాళ్లూ మెక్సికో నుంచి వలస వచ్చిన పాటగాళ్లే.

రెండోది వేదిక. సాన్ ఆంటోనియోలో గ్వాదలూపే సాంస్కృతిక కళా కేంద్రం 1982లో తెహానో కొన్హుంతో ఉత్సవం మొదలుపెట్టింది. సారా కొట్టు సంగీతమని పేరుపడ్డదానికి ఊరి నడుమ పండగ జరిగింది. 1982లోనే లిడియా మెండోజాకు, 1983లో మార్తీనెస్‌కు జాతీయ వారసత్వ పురస్కారం వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందు మార్తీనెస్ జీవనం కోసం బ్రౌన్స్‌విల్ జంతుప్రదర్శనశాలలో జంతువులను చూసుకునే పని చేసేవాడు.

మూడోది రేడియో, అది మన వాషింగ్టన్ రాష్ట్రం కథే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మనుషుల కొరత తీర్చడానికి మెక్సికో నుంచి కూలీలను ఇక్కడి తోటలకు తెచ్చారు. తర్వాత రైతులు టెక్సాస్ నుంచి తెహానో కుటుంబాలను రప్పించారు. చక్కెర దుంపలు, హాప్స్, యాపిల్, ఆస్పరాగస్. పిల్లాపాపలతో ట్రక్కుల్లో వచ్చి, పంట వెంట పంటకు కదిలి, కొందరు యాకిమా లోయలోనే ఉండిపోయారు. అల్మెయ్దా ఆ దారినే వచ్చాడు. మన తాతలు చెరకు నరికితే వీళ్లు దుంప తవ్వారు. రెండు చోట్లా తయారైంది చక్కెరే. సన్నీసైడ్‌కు దగ్గర్లోని గ్రేంజర్ ఊళ్లో 1979లో రేడియో కేడీఎన్‌ఏ మొదలైంది. రైతుకూలీ గొంతు అని తనను తాను చెప్పుకునే ఈ స్పానిష్ స్టేషన్ లాభాపేక్ష లేనిది. కూలి హక్కులు, ఆరోగ్యం, వార్తలు, వాటి మధ్య పాటలు. తోటలో పని చేసేవాళ్లు తమ మాటను తమలాగే మాట్లాడేవాళ్ల నోట విన్నారు.

నాలుగోది పెద్ద సంస్థల గుర్తింపు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అధ్యాపకులు తీర్చిదిద్దిన 'అమెరికన్ సబోర్' ప్రదర్శన 2007లో సియాటిల్ సంగీత మ్యూజియంలో తెరుచుకుంది. అమెరికా పాప్ సంగీతంలో లాటినోల పాత్రను చూపించే ఆ ప్రదర్శనలో న్యూయార్క్, మయామీలతో పాటు సాన్ ఆంటోనియోకూ చోటిచ్చారు. తర్వాత వచ్చిన పుస్తకం ఇంగ్లీషు, స్పానిష్ రెండింటిలోనూ ఉంది.

వరుస గమనించండి. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టు భద్రపరచారు. గౌరవం, పరిశోధన, పురస్కారం దాని వెనక వచ్చాయి.

అమ్మోరు అనే చిరునామా

ఇప్పుడు మన సంగతి. మారిషస్‌కు భారతీయ కూలీల రాక 1834లో మొదలైంది. వచ్చిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలన్నారు, గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీద. మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఫిజీకి దక్షిణాది కూలీలు 1903 నుంచి 1916 వరకు వెళ్లారు. అక్కడ తెలుగు, తమిళం అనే తేడా లేకుండా అందరూ మద్రాసీలయ్యారు, తోటల్లో అందరినీ కలిపిన ఫిజీ హిందీ ఇంటి భాష అయింది. డర్బన్‌లో ఇంగ్లీషు అయింది. మారిషస్‌లో క్రియోల్ అయింది.

భాషను కాపాడటానికి మన పెద్దలు ఊరుకోలేదు. ఫిజీలో 1926లో సంగం, 1941లో ఆంధ్ర సంగం, దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ, ఇలా సంఘాలు పెట్టారు, బడులు నడిపారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఆ కృషి వల్లనే ఈ రోజు మనం ఈ పత్రికను తెలుగులో చదువుకుంటున్నాం.

కానీ బడి ఎక్కని తెలుగు ఒకటుంది. మారిషస్‌లో దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా సాగే రామభజనలో ఉంది. సింహాద్రి అప్పన్న పూజలో ఉంది. అమ్మోరు పండగలో ఉంది. 'అమ్మోరు' అనే మాటనే చూడండి. తెలుగు వాచకం ప్రకారం అది అమ్మవారు. దిద్దేవాళ్లు చేసేదీ అదే. కానీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి పల్లెల్లో ఈనాటికీ అమ్మోరే. సింహాద్రి అప్పన్న సింహాచలం దేవుడు. ఈ రెండు మాటలూ కలిపి చూస్తే మన ముత్తాతలు ఏ వైపు నుంచి ఓడెక్కారో తెలుస్తుంది. కాగితాల మీద గుమాస్తా ఊరి పేరు తప్పు రాసి ఉండవచ్చు. నోట నిలిచిన మాట ఊరి దారి చూపిస్తుంది. అమ్మోరును అమ్మవారుగా మార్చిన రోజున పాట శుభ్రపడుతుంది, చిరునామా చెరిగిపోతుంది.

అసలు 'గిర్మిట్' అన్న మాటేమిటి? అగ్రిమెంట్ అనడానికి నోరు తిరగని కూలీలు పలికిన రూపం. దాన్ని ఎవరూ దిద్దలేదు. ఇప్పుడది చరిత్ర పుస్తకాల్లో ఒక కాలానికే పేరు. మన పాటల్లోని తప్పులకూ ఆ మర్యాద దక్కాలి.

మారిషస్ భోజ్‌పురి స్త్రీల పెళ్లిపాటలు, గీత్ గవాయి, 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. అవి బీహారులో పాడేంత శుద్ధంగా ఉన్నాయని కాదు, మారిషస్ ఆడవాళ్లు తమ బతుకులో భాగంగా పాడుతున్నారని.

భాష రాకపోయినా

తెహానో సంగీతంలో లోకానికి బాగా తెలిసిన పేరు సెలీనా. 1971లో టెక్సాస్‌లో పుట్టింది. ఆమెకు మొదట వచ్చిన భాష ఇంగ్లీషు. స్పానిష్ పాటలను తండ్రి దగ్గర ధ్వనులుగా నేర్చుకుని పాడింది. పాడుతూ పాడుతూ భాషలోకి నడిచింది. 1994లో ఆమె ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. 1995లో హత్యకు గురయ్యేనాటికి ఆమె వయసు 23. మాట తెలియకుండా పాడుతోందని ఎవరైనా మొదట్లోనే వేదిక దింపేసి ఉంటే తెహానో సంగీతానికి ఆ గొంతు దక్కేది కాదు.

మన పిల్లల్లో ఎందరో అర్థం తెలియకుండానే రామభజన పాడతారు. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, మొదటి మెట్టు. అయితే పాట ఒక్కటే భాషను నిలబెడుతుందని నమ్మడమూ పొరపాటే. ఉత్సవాలూ రేడియో ఉన్నా తెహానో పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే. పాట తలుపు తెరుస్తుంది. లోపలికి నడవడానికి బడి కావాలి. ఇండియా నుంచి వచ్చిన కుటుంబాలు అమెరికాలో నడిపే తెలుగు బడులు మనకూ పనికొస్తాయి, పిల్లలను పంపుదాం. బడిలో అమ్మవారు అని రాయనిద్దాం. ఇంట్లో అమ్మోరు అని పాడనిద్దాం. ఒక పిల్లవాడికి ఈ రెండూ తెలియడం బరువు కాదు.

వ్యవధి ఎక్కువ లేదు

ఒక లెక్క చూడండి. ఫిజీకి చివరి ఓడ 1916లో వెళ్లింది. నేటాల్‌కు 1911లో. ఇరవై ఏళ్ల వయసులో దిగినవాళ్లు 1950లలో ముసలివాళ్లు. వాళ్ల ఒడిలో కూర్చుని పాట విన్న మనవలకు ఇప్పుడు ఎనభై దగ్గర, ఎనభై పైన. ఓడ దిగిన నోటి నుంచి నేరుగా విన్న చెవులు ఇవే ఆఖరివి. మారిషస్‌లో రాక ఇంకా ముందే మొదలైంది కాబట్టి చాలా ఇళ్లలో ఆ గొలుసు ఇంకో తరం పొడవు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఫోన్ బల్ల మీద పెట్టి పెద్దవాళ్లను పాడమనండి. మధ్యలో ఆపకండి, మాట అందించకండి, సరిచేయకండి. మరిచిపోయిన చోట కూనిరాగం తీసినా అదీ ఉండనివ్వండి. పాట అయ్యాక నాలుగు సంగతులు అడగండి: ఎవరి దగ్గర విన్నారు, ఏ ఊళ్లో, ఏ తోటలో, ఏ సందర్భంలో పాడేవారు. ఆ జవాబులూ రికార్డు కానివ్వండి. పాటను విన్నది విన్నట్టు తెలుగులో రాయండి. తెలుగు లిపి రాకపోతే మీకు వచ్చిన లిపిలోనే రాయండి. అర్థం కాని మాటను వదలకండి, దగ్గర్లో ఉన్న తెలుగు మాటతో పూరించకండి. మీకు అర్థం కాని ఆ మాట శ్రీకాకుళంలో ఒక ముసలమ్మకు తెలిసి ఉండవచ్చు.

బాతెల్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న ఇండియా తెలుగువాళ్లలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఈసారి "మీ తెలుగు వేరుగా ఉందే" అని ఎవరైనా అంటే, అవునండీ అని చెప్పి, ఆ రికార్డు వినిపించి, ఈ మాట మీ నాయనమ్మ వాడేదా అని అడిగి చూడండి.